లెక్క ఫోన్‌లోకి పోయినా పుస్తకం మనదే



మమ్మల్ని కంప్యూటర్ లెక్కల గురించి మాట్లాడమన్నారు. మా సంఘంలో ఎక్కువ చదివింది పదో తరగతే. అయినా మాకు జరిగింది చెబితే మీకు పనికొస్తదని ఒప్పుకున్నాం.

మనకు పంచసూత్రాలు ఉన్నయి గదా. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాలు, ఐదోది పుస్తకాలు సరిగా రాసుకోవడం. మొదటి నాలుగూ మనం చేస్తాం. ఐదోది వీవోఏ పని అని వదిలేస్తాం. మేమూ అట్లనే వదిలేశాం.

మా సంఘంలో ఇద్దరికి ఒకటే పేరు, ఒకటే ఇంటిపేరు. మన తండాల్లో అది మామూలే. అందులో ఒకామె మిర్చి అమ్మిన పైసలతో మూడు వాయిదాలు కట్టింది. పుస్తకంలో ఆమె పేరు మీదనే రాశాం. ఆన్‌లైన్‌లో ఎక్కించేటప్పుడు అవి రెండో ఆమె ఖాతాలో పడ్డాయి. ఎవరమూ చూసుకోలేదు. జూన్‌లో పత్తి విత్తనాలకు కొత్త అప్పు అడిగితే, "నీకు పాత బాకీ ఉంది" అన్నారు. "నేను కట్టిన, మీరందరు చూసిండ్రు గదా" అని ఆమె సమావేశంలో ఏడ్చింది. చూశాం. కానీ తెర మీద లేదు. మినిట్స్ పుస్తకం, రసీదులు పట్టుకొని తిరిగి లెక్క సరిచేయించేసరికి విత్తే అదను వచ్చేసింది. ఆమె బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది. అంటే పదివేలకు నెలకు మూడు వందలు.

ఆ తర్వాత మేము కూర్చొని నేర్చుకున్నాం. లిబ్రే ఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, డబ్బులు పెట్టి కొనే పని లేదు. అందులో మన లెడ్జర్ లాగానే అడ్డ వరుసలు, నిలువు గళ్లు ఉంటాయి. ఒక అంకె మారిస్తే మొత్తం అదే మారుతుంది. ఇట్లాంటి లెక్కల పట్టిక 1979లో అమెరికాలో విజికాల్క్ పేరుతో వచ్చింది. డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థికి క్లాసులో నల్లబల్ల మీది లెక్కలు చూస్తుంటే ఆ ఆలోచన వచ్చిందట. అక్కడ ఒక అంకె తప్పయితే కింది అంకెలన్నీ చెరిపి మళ్లీ రాయాలి. మన పుస్తకంలో కొట్టివేతలు గుర్తొచ్చి మేమూ నవ్వుకున్నాం.

ఇంకో సంగతి తెలిసింది. కంప్యూటర్ మనిషిని మొహం చూసి గుర్తుపట్టదు. అందుకే పేరు కాదు, ఒక్కొక్కరికి ఒక నంబర్ ఉండాలి. రేషన్ కార్డుకు ఉన్నట్టే. లోకోస్ యాప్‌లో ఎక్కించినా, మన సొంత పట్టికలో రాసినా, ముందు చూడాల్సింది ఆ నంబరే. నంబర్ తప్పితే అంకె ఎంత సరిగా ఉన్నా లెక్క తప్పే.

ఇప్పుడు మేము చేసేది ఇది. సమావేశంలో ముందు పుస్తకంలో రాస్తాం, సంతకాలు, వేలిముద్రలు పెడతాం. తర్వాత ఆన్‌లైన్‌లో ఎక్కిస్తాం. సిగ్నల్ లేకపోతే ఉన్నచోటికి పోయి ఎక్కిస్తాం. వచ్చే సమావేశంలో ఫోన్ చూసి ఒక్కొక్కరి పేరు, నంబర్, పొదుపు, అప్పు పైకి చదువుతాం. చదువురాని అక్క కూడా విని "అవును" అనాలి. అనకపోతే అక్కడే ఆపి పుస్తకం తీస్తాం. నెలకోసారి పట్టికను ఇంకోచోట కూడా దాచుకుంటాం. ఫోన్ పగిలినా లెక్క పగలొద్దు గదా. ఓటీపీ మాత్రం ఎవరడిగినా చెప్పం, అధికారినని చెప్పుకున్నా సరే.

అక్కలారా, యాప్‌లు మంచివే. బాకీ ఎంతో ఒక్క నిమిషంలో చూపిస్తాయి. కానీ మనం పెట్టిందే అవి చూపిస్తాయి. ఈ నెల సమావేశంలో మీ లెక్క పైకి చదవమని అడగండి. అడగడానికి సిగ్గుపడొద్దు, ఆ పైసలు మనవి.