ఎరువు వేయని మడి చెప్పు పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



పొలము గట్టుమీద ఇద్దరు రైతులు కలిసినచో ఎరువు మాట రాక మానదు. "ఈ యేడు ఎన్ని బస్తాలు వేసితివి?" అని ఒకరు అడుగుదురు. "పోయిన యేటికన్న ఒకటి ఎక్కువే వేసితిని" అని రెండవవారు చెప్పుదురు. ఆ ఎక్కువ బస్తా గింజలోనికి వచ్చినదా, నీటివెంట పోయినదా అని మాత్రము సామాన్యముగా ఎవరును అడుగరు. అడిగినను జవాబు చెప్పుటకు ఆధారముండదు. ఇట్టి ప్రశ్నకు జవాబు వెదకుటకై నూట ఎనుబది యేండ్లకు పైగా ఒకే చేనును పరీక్షకు పెట్టిన చోటు ఇంగ్లండులో కలదు. దాని పేరు రోథంస్టెడ్.

లండను నగరమునకు ఉత్తరమున, హార్పెండెన్ అను ఊరిలో ఈ పరిశోధనా క్షేత్రమున్నది. దాని యజమానియైన జాన్ బెన్నెట్ లాస్ 1842లో సూపర్‌ఫాస్ఫేటు ఎరువు తయారీకి పేటెంటు పొందెను. మరుసటి యేడు జోసఫ్ హెన్రీ గిల్బర్ట్ అను రసాయన శాస్త్రజ్ఞుని తనకు తోడుగా తెచ్చుకొనెను. 1843 శరత్కాలమున వారు బ్రాడ్‌బాక్ అను చేనిలో గోధుమ విత్తిరి. 1900లో లాస్ మరణించువరకు, ఏబదియేడు సంవత్సరములు, ఆ ఇరువురును కలిసి పనిచేసిరి.

ఆ చేనిని చూడబోయినవారికి కనబడునది పొడవైన పట్టెలుగా విభజింపబడిన గోధుమ పైరు. విత్తనమొకటే, దుక్కి యొకటే, వాన యొకటే. ఎరువు మాత్రమే వేరు. ఒక పట్టెకు 1843 నుండి ఏ ఎరువును వేయలేదు. ఇంకొకదానికి ఏటేట ఎకరమునకు సుమారు 14 టన్నుల పశువుల ఎరువు వేయుచున్నారు. వేరొకదానికి నత్రజని లేకుండ భాస్వరము, పొటాషు మొదలగు ఖనిజములను మాత్రమే ఇచ్చుచు వచ్చిరి. మరికొన్నిటికి ఆ ఖనిజములతోపాటు నత్రజనిని హెచ్చుతగ్గు మోతాదులలో కలిపిరి.

ఈ పరీక్షకు వెనుక గొప్ప వివాదమొకటి యుండెను. జర్మనీ దేశపు మహాపండితుడు లీబిగ్, పైరునకు కావలసిన నత్రజని గాలినుండియు వాననుండియు లభించునని, నేలకు ఖనిజములిచ్చిన చాలునని వాదించెను. బ్రాడ్‌బాక్ చేను ఈ వాదమునకు జవాబు చెప్పినది. ఖనిజములు మాత్రమే పడిన పట్టె, ఏమియు పడని పట్టెకన్న కొంచెమే మెరుగుగా పండెను. నత్రజని తోడైనప్పుడే ఆ ఖనిజములకు ఫలము కలిగెను. పండితుని మాటకన్న పైరు మాటయే నెగ్గినది.

ఏమియు వేయని పట్టె హెక్టారుకు సుమారు ఒక టన్ను, అనగా ఎకరమునకు నాలుగు క్వింటాళ్ల ప్రాంతమున పండుచు వచ్చెను. ఆ నేల చావలేదు. కాని పేదరికమునుండి లేవనులేదు. 1968 తరువాత పొట్టి గోధుమ రకములు వచ్చినవి. కొన్ని భాగములలో పంటమార్పిడి మొదలైనది. మంచి పోషణ గల పట్టెలలో దిగుబడి కొన్ని యేండ్ల హెక్టారుకు ఎనిమిది టన్నులను దాటినది. ఆ మేలురకపు విత్తనమే ఎరువులేని పట్టెలోను పడినది. అక్కడ దిగుబడి పాతచోటు నుండి పెద్దగా కదలలేదు. విత్తనము ఎంత మేలైనదైనను, ఆకలిగొన్న మట్టిలో దాని మంచితనము బయటపడదు.

పశువుల ఎరువు పడిన పట్టె మరియొక సంగతి చెప్పుచున్నది. మొదటి నూరేండ్లలో దాని దిగుబడి మంచి రసాయనపు ఎరువు పడిన పట్టెలతో ఇంచుమించు సమానముగా నుండెను. కాని మట్టిని త్రవ్వి పరీక్షించినచో, ఎరువులేని పట్టెలో ఉన్నదానికి రెండింతలకు మించిన సేంద్రియ పదార్థము అందు కనబడును. అది ఒక యేట చేరినది కాదు, తరములమీద కూడినది.

ఇక పోయిన ఎరువు మాట. 1849లోనే ఈ పట్టెల క్రింద మట్టి గొట్టములు పరచిరి. 1866 నుండి వాటిలో కారిన నీటిని పట్టి పరీక్షించిరి. నత్రజని మోతాదు పెరిగినకొలది, పైరు త్రాగలేక మిగిలినది నీటితో కలిసి దిగిపోవుచున్నట్లు తేలినది. రైతు డబ్బు గొట్టములో పారుచుండగా మనుష్యుడు కన్నులార చూచినది అక్కడనే.

పరిశోధకులు తాము చేసిన పరీక్షనుగూడ పరీక్షకు పెట్టిరి. ఒక మడి ఎక్కువ పండినచో అది ఎరువు మహిమయా, అచ్చట నేలయే సారవంతమా? 1919లో రోథంస్టెడ్ చేరిన గణాంకశాస్త్రజ్ఞుడు రోనాల్డ్ ఫిషర్ దీనికి దారి చూపెను. ఒకే ఎరువును పలుచోట్ల వేయవలెను. ఏ మడికి ఏది అన్నది చీటీలు వేసినట్లు నిర్ణయింపవలెను. మంచి నేల ఏరి, దానికే తనకు నచ్చిన ఎరువు వేసి గొప్పలు చెప్పుకొనుటకు ఈ పద్ధతిలో వీలుండదు.

గ్రంథాలయ సభ్యులు ప్రత్యేకముగా వినదగినది ఒకటున్నది. ఆ క్షేత్రమున ఒక భాండారము కలదు. అందు 1843 నుండి దాచిన గింజలు, గడ్డి, మట్టి, మూడు లక్షలకు పైగా నమూనాలుగా సీసాలలోను డబ్బాలలోను వరుసగా నున్నవి. 2005లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో ఆ పాత గోధుమ నమూనాలనుండి తెగుళ్ల జన్యుపదార్థమును వెలికిదీసి, గాలిలోని గంధకపు కాలుష్యముతోపాటు తెగుళ్ల పాళ్లు ఎట్లు మారెనో గుర్తించిరి. ఆ సీసాలకు మూతలు బిగించిన నాటివారికి జన్యుపదార్థమను మాటయే తెలియదు. ఎవరు ఎప్పుడు చదువుదురో తెలియక దాచిన పుస్తకమువంటివే ఆ సీసాలు.

ఇట్టి పరీక్షలు భారతదేశమునకు క్రొత్తవి కావు. కోయంబత్తూరులో 1909లోనే శాశ్వత ఎరువుల పరీక్ష ఆరంభమైనది. 1970లో భారత వ్యవసాయ పరిశోధనా మండలి పలు రాష్ట్రములలో దీర్ఘకాలపు ఎరువుల పరీక్షలను ప్రారంభించినది. తరువాత వాటిలో చేరిన జగిత్యాల క్షేత్రమున వరివెంట వరి వేయు నేలపై ఈ పరిశీలన జరిగినది.

తెలుగు రైతు దీనినుండి తెచ్చుకొనదగినదేమి? 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20 కిలోలకు కొంచెము మించియుండును. భాస్వరముగాని, పొటాషుగాని, జింకుగాని లేశమైననుండదు. జింకు కొరతచే ఆకు తుప్పు రంగు తిరిగిన వరికి ఎన్ని యూరియా బస్తాలు పోసినను కొరత తీరదు. పైరు ఏపుగా పెరిగి పడిపోవుటకు, తెగుళ్లు చేరుటకు అదియే దారి యగును. కావున మట్టిపరీక్ష ముందు, బస్తా తరువాత.

రెండవది, ప్రతి రైతును తన పొలమున ఒక చిన్న పరీక్ష పెట్టుకొనవచ్చును. రెండు మూడు చోట్ల ఒక్కొక్క సెంటు మడిని కొలిచి, ఇరుగుపొరుగు నీరు రాకుండ గట్టు వేసి, అందు యూరియా మాత్రము మానవలెను. తక్కినదంతయు సమానముగా చేయవలెను. కోతనాడు ఆ మడి ధాన్యమును, ప్రక్క సెంటు ధాన్యమును వేరువేరుగా తూచి నూరింతలు చేసినచో ఎకరపు దిగుబడులు తెలియును. బస్తా ఖరీదుకు పంట ఎంత జవాబు చెప్పినదో ఆ తేడాయే పలుకును. ఒక సెంటు నష్టపోయి, ఎకరముల లెక్క నేర్చుకొనవచ్చును.

ఆ లెక్క కాగితముపై నిలిచినప్పుడే దానికి విలువ. గ్రామ గ్రంథాలయమున ఒక బీరువాలో ఒక పద్దుపుస్తకము పెట్టి, ఏ మడికి ఏమి వేసిరో, ఎంత పండెనో ఏటేట వ్రాసి ఉంచినచో, ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఇరువదియైదు పంటల సాక్ష్యము అందుండును. అప్పటి పిల్లలు గట్టుమీద నిలిచి ఎన్ని బస్తాలని అడుగుకొనినప్పుడు, జవాబు వారి ఊరి పుస్తకములోనే దొరకును.