ఎవరో పోతారులే అనుకుంటే ఎవరూ పోరు
(పెద్దదోర్నాల మండల మహిళా సమాఖ్య మహాజన సభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)

పొదుపు, అప్పు, వసూలు లెక్కలన్నీ నివేదికలో ఉన్నాయి. లెక్కల్లో కనపడని ఒక సంగతి మేము చెప్పదలచుకున్నాం.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. పోయిన ఏడాది మాలో ఒకరి సంఘంలో బ్యాంకు కంతు తప్పింది. డబ్బు లేక కాదు. పది మందీ కట్టారు, సొమ్ము పెట్టెలోనే ఉంది. పుస్తకాలు రాసే అమ్మాయి కాన్పుకు పుట్టింటికి పోయింది. మొదటి లీడరేమో రెండో లీడరు పోతుందిలే అనుకుంది. రెండో ఆమె, నాకెవరు చెప్పారు అనుకుంది. మిగతావాళ్ళం, లీడర్లు చూసుకుంటారు మనకెందుకులే అనుకున్నాం. పైగా మిరపకోతల కాలం. ఒక రోజు కూలి పోతుందని అందరికీ బాధే. గడువు దాటిపోయింది. సకాలంలో కట్టిన సంఘాలకే సున్నా వడ్డీ అని మనందరికీ తెలుసు. డబ్బు పెట్టెలో పెట్టుకొని నష్టపోయాం. ఆ మీటింగులో ఒకరినొకరు అనరాని మాటలు అనుకున్నాం. పోయింది తిరిగి రాలేదు. ఇద్దరు మాత్రం మీటింగుకు రావడం మానేశారు.

అప్పుడు మాకు దూబగుంట రోశమ్మ గారు గుర్తొచ్చారు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత బడులు నడిచాయి. దూబగుంటలో పగలంతా కూలి చేసిన ఆడవాళ్ళు రాత్రి పలక పట్టారు. వాచకంలో ఆడవాళ్ళు ఒక్కటై సారా మాన్పించిన పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు, తమ ఊళ్ళోకి సారా రాకుండా అడ్డం నిలబడ్డారు. ఆ సంగతి ఊరూరా పాకింది. 1992 లో జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అదే జిల్లాలో రోజుకు రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు మొదలయ్యాయి.

రోశమ్మ గారికి పదవి లేదు. తను లేచింది, పక్కింటామెను కూడా లేపింది. ఈ రెండోది చాలా కష్టం. మన సంఘాల్లో మొదటిది చేసే లీడర్లున్నారు. బ్యాంకుకూ ఆమే, మండల ఆఫీసుకూ ఆమే. చివరకు 'అన్నీ నీ పెత్తనమేనా' అన్న మాట పడేదీ ఆమే. ఆమెకు జ్వరం వస్తే సంఘమే మంచం పడుతుంది.

కంతు తప్పిన తరువాత మేము నాలుగు పద్ధతులు పెట్టుకున్నాం. ఎవరన్నా పోండి అనడం మానేశాం. ఏ పనికైనా మనిషి పేరు, తేదీ మినిట్స్ పుస్తకంలో రాస్తున్నాం. ఆమెకు వీలుకాకపోతే పోవలసిన రెండో మనిషి పేరు కూడా రాస్తున్నాం. కొత్తామెను మొదటిసారి ఒంటరిగా పంపడం లేదు, ఒకరం తోడు పోతున్నాం. మనం బద్ధకం అనుకునేది చాలాసార్లు భయమే. బ్యాంకులో ఓచరు ఎట్టా రాయాలో తెలియక వెనకడుగు వేస్తారు, ఆ మాట పైకి చెప్పరు. మూడోది, కూలి మానుకొని పోయిన ఆమెకు ఛార్జీలు సంఘం ఇస్తుంది, పని వంతులవారీగా తిరుగుతుంది. నాలుగోది, రానివాళ్ళ గురించి మీటింగులో మాట్లాడం. ఇంటికి పోయి, కూర్చొని అడుగుతాం.

మానేసిన ఇద్దరి ఇళ్ళకూ అట్టనే పోయాం. ఒకామె మొదట మొహం తిప్పుకుంది. రెండోసారి పోతే, అంతమందిలో నన్ను దొంగ లెక్క మాట్లాడారు గదా అని ఏడ్చింది. తప్పు మాదేనని ఒప్పుకున్నాం. ఇప్పుడు ఆమే కంతు తేదీకి మూడు రోజుల ముందు అందరికీ ఫోను చేసి గుర్తుచేస్తోంది. అప్పటి నుంచి ఆ సంఘంలో ఒక్క కంతూ తప్పలేదు.

అక్కల్లారా, మీ ఊళ్ళో కూడా అందరూ అనుకుంటూ ఎవరూ కదలని పని ఒకటి ఉంటుంది. ఆధార్‌లో పేరు తప్పుపడి ఆగిన ఒక ముసలమ్మ పింఛను కావచ్చు, చెడిపోయిన మంచినీళ్ళ మోటారు కావచ్చు. ఒక్కటే ఎంచుకోండి. ఇద్దరి పేర్లు, ఒక తేదీ రాసి వచ్చే నెల సమావేశానికి పుస్తకం తీసుకురండి. మేమూ మా పని రాసుకొస్తాం: మీటింగులు ఆగిన సంఘాలకు మాలో ఎవరు ఏ రోజు పోతామో పేర్లతో సహా చదివి వినిపిస్తాం. పోకపోతే మమ్మల్ని అడగండి.