కొళాయి నీటి వెనక కరెంటు

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఇళ్లలో నీటి పొదుపు, కరెంటు పొదుపు వేర్వేరు పనులు కావు. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ జలాశయం నీరు పల్లం వాలున తనంతట తానే నగరానికి చేరేది. ఇప్పుడు హైదరాబాద్ ప్రధానంగా తాగేది కృష్ణా, గోదావరి జలాలు. వాటిని వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో ఎత్తిపోయాలి. అపార్టుమెంటులో ఆ నీరే సంపులోంచి మోటారుతో మళ్లీ మిద్దె ఎక్కుతుంది. అందుకే ట్యాంకు పొర్లితే నష్టం రెండింతలు. అంత దూరం వచ్చిన నీరు మోరీ పాలు కావడం నిజంగా బాధాకరం. సంపుకు ఫ్లోట్ వాల్వు, పై ట్యాంకు నిండగానే మోటారును ఆపే స్విచ్చు ఉంటే ఈ వృథా ఉండదు. ఆర్వో యంత్రం వదిలే నీరు ఇల్లు తుడవడానికి పనికొస్తుంది. ఇక నేరుగా కరెంటు పొదుపుకు వస్తే, ఫ్యాన్ల సంగతి: పాతది సుమారు 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటారు) ఫ్యానుకు 30 వాట్ల చిల్లర చాలు.