నీసు లేని ఆదివారం సంగటి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



మమ్మల్ని పొదుపు గురించి, అప్పుల వసూలు గురించి మాట్లాడమన్నారు. ఆ లెక్కలు నివేదిక ముందు పేజీల్లో ఉన్నాయి. మేము పదో తరగతి వరకు చదివినవాళ్ళం, లెక్కలు గట్టిగా చదివితే మాకే నిద్ర వస్తుంది. అందుకని కూర గురించి మాట్లాడతాము. నవ్వొద్దండి, కూరకూ కంతుకూ సంబంధం ఉంది.

మా సంఘంలో పది మందిమి ఉన్నాము. పోయిన ఏడాది ఒకామె వరసగా మూడు నెలలు కంతు కట్టలేదు. అంతకు ముందు ఆరేండ్లు ఒక్కసారి కూడా తప్పని మనిషి. మీకు తెలుసు కదా, ఒకరు తప్పితే పది మంది సున్నా వడ్డీకి ఇబ్బంది. మీటింగులో నిలదీసినాము. ఇంట్లో తాగుడు మొదలైందేమో అని ఒకరు, చీటీ పాట కట్టిందేమో అని ఇంకొకరు. ఆమె చాలాసేపు నోరు తెరవలేదు. చివరికి కొంగు ముడి విప్పి ఒక చీటీ తీసి పుస్తకాల మీద పెట్టింది. కోడికూర అంగడి అరువు చీటీ అది. ఆదివారం కిలో, చుట్టాలొస్తే ఇంకో కిలో. నెలకు ఆరేడు కిలోలు. కిలో 250 రూపాయలు పలికిన నెలలో 1500 పైమాటే అయింది. ఆమె కట్టాల్సిన కంతు 1800.

మేము అప్పుడు అడగరాని మాట అడిగినాము. "అప్పు చేసి తినకపోతే ఏమమ్మా?" అన్నాము. దానికి ఆమె, "నేను తినేది ఎక్కడ అక్కా, నాకు పులుసే కదా" అనింది.

అంతే, మీటింగు మూగబోయింది. ఎందుకంటే పది ఇళ్ళలోనూ అదే కథ. మంచి ముక్కలు మామకు, మగాయనకు. తర్వాత పిల్లోళ్ళకు. చుట్టాలుంటే వాళ్ళకు ఇంకో గంటె. అందరూ లేచినాక సట్టి అడుగున ఉండే పులుసు, ఒక మెడ ముక్క మనకు. మేమే వడ్డించినాము, మేమే ఎంచి పెట్టినాము, ఎవరూ మమ్మల్ని తినొద్దు అనలేదు. అది ఇంకా బాధ. తర్వాతి నెల ఏఎన్ఎం వచ్చి రక్తం చూస్తే ఆ చీటీ ఆమెకు 8 ఉంది. ఆడవాళ్ళకు 12 ఉండాలంటారు. ఇంటికంతా కూర వండి పెట్టిన మనిషికే రక్తం లేదు.

ఒక మాట ముందే చెప్పాలి. మేము నీసు మానమని చెప్పడానికి ఇక్కడ నిలబడలేదు. మేము తినేవాళ్ళమే. పండగకు నాటుకోడి లేకుండా మా ఇంట్లో సంగటి ముద్ద ఎవరికీ దిగదు. తినేవాళ్ళు తక్కువ, తిననివాళ్ళు ఎక్కువ అనే మాట మా సంఘంలో రానివ్వము. మేము చూసిందల్లా ఒకటే. నెలకు నాలుగు ఆదివారాలుంటే అందులో రెండు మూడు ఆదివారాలు, అప్పు లేకుండా, కారంగా, మసాలా వాసనతో, అందరికీ సరిసమానంగా వచ్చే కూర ఏదైనా ఉందా అని.

మొదట మీల్ మేకర్ తెచ్చినాము. అదే సోయా. మా ఇంట్లో చేసిన మొదటి కూర గురించి చెప్పాలంటే సిగ్గు. వేడినీళ్ళలో వేసినాము, తీసినాము, పిండకుండా అట్లే మసాలాలో వేసినాము. పైగా మా అత్తకు కోడికూర అనే చెప్పి పెట్టినాము. ఆమెకు చూపు సరిగా లేదు కదా అని మా తెలివి. రెండు ముద్దలు తిన్నది. "ఏం కోడే ఇది, ఎముక లేదు?" అనింది. మా పెద్దోడు పక్కనుండి "అవ్వా, అది స్పాంజి" అన్నాడు. మూడు రోజులు ఆమె మాతో మాట్లాడలేదు. కూర బాగాలేదని కాదు, అబద్ధం చెప్పినామని.

అప్పటినుంచి ఏ కూరకు దాని పేరే చెబుతున్నాము. ఇంకొకదాని పేరు పెడితే నాలుక దానికోసం వెతుకుతుంది, దొరక్కపోతే కోపం వస్తుంది.

మీల్ మేకర్ ఎట్లా చేయాలో తర్వాత నేర్చుకున్నాము. ఉప్పేసిన నీళ్ళలో ఐదు నిమిషాలు ఉడకనిచ్చి, చల్లనీళ్ళలో రెండుసార్లు కడిగి, రెండు అరచేతుల మధ్య గట్టిగా పిండాలి. ఆ పచ్చివాసనంతా ఆ నీళ్ళలోనే పోతుంది. తర్వాత పెరుగు, కారం, పసుపు, అల్లం తెల్లగడ్డ ముద్ద పట్టించి అరగంట పెట్టి, నూనెలో ఎర్రగా వేయించి, అప్పుడు మసాలాలో వేయాలి. పిండిన దాన్ని మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే ఖీమా మాదిరి అవుతుంది, చపాతీలోకి మా పిల్లోళ్ళు దానికే ఓటేస్తారు. నూనె తీసేసిన సోయా పిండితో చేసేది కాబట్టి ఎండు మీల్ మేకర్ 100 గ్రాముల్లో 50 గ్రాముల పైన మాంసకృత్తులు ఉంటాయి. ఇంటిల్లిపాదికీ 100 గ్రాములు నానబెడితే చాలు, అంత ఉబ్బుతుంది.

కానీ మా పడమటి మండలాల వాళ్ళకు చెప్పాల్సిన అసలు సంగతి అది కాదు. మనింట్లోనే ఉన్నదాన్ని వదిలిపెట్టి అంగట్లో వెతికినాము మేము. పితికిపప్పు!

అనపకాయలు మంచు పడే కాలంలో, సంక్రాంతికి అటూ ఇటూ కదా వచ్చేది. పుంగనూరు, పలమనేరు, మదనపల్లె వైపు ఎవరికీ చెప్పక్కరలేదు, సంచి విప్పితేనే ఇల్లంతా ఆ కమ్మటి వాసన. మా అమ్మమ్మ కాలంలో కోడి కోసేది ఏడాదికి నాలుగైదు సార్లే అంట. మిగతా రోజుల్లో అదే మసాలా, అదే సట్టి, లోపల పితికిపప్పు. అంటే మేము కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

అర కిలో ఒలిచిన గింజలు రాత్రి నానబెట్టండి. తెల్లారి బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి పితికితే పప్పు బయటికి దూకుతుంది. తొక్కలు గొడ్లకు. మసాలాకు ధనియాలు, చెక్క, రెండు లవంగాలు, గసగసాలు దోరగా వేయించి, కొబ్బరి, అల్లం, తెల్లగడ్డలతో మెత్తగా నూరుకోవాలి. నూనెలో ఎర్రగడ్డలు బాగా ఎర్రబడేదాకా వేగనివ్వాలి, ఇక్కడ తొందరపడితే కూర మొత్తం పచ్చిగా ఉంటుంది. టమోటాలు వేసి మగ్గినాక మసాలా ముద్ద వేసి నూనె పైకి తేలేదాకా కలపండి. అప్పుడు పప్పు, ఒక ఉర్లగడ్డ, నాలుగు వంకాయ ముక్కలు, కారం, ఉప్పు, నీళ్ళు. పప్పు మెత్తబడాలి కానీ చిదిమిపోకూడదు. ఊరికే గంటె పెట్టి తిప్పినారంటే ముద్దపప్పు అవుతుంది. మేము అట్లా ఒకసారి పాడు చేసినాము, మా మామ "పప్పు బాగుంది, కూర ఏది?" అన్నాడు. కొత్తిమీర వేసి దించి గంటసేపు మూత పెట్టి ఉంచండి. వేడి సంగటి నడుమ గుంట చేసి పోసుకుంటే, ఇక మేమేమీ చెప్పక్కరలేదు.

దీనికి ఒక కష్టం ఉంది, దాచిపెడితే మోసం అవుతుంది. కోడికూర గంటలో అయిపోతుంది, ఇది ముందురోజు నుంచి పని. అర కిలో పితకడానికి ఒక్క మనిషికి గంటన్నర పడుతుంది. గోర్లు నొప్పి పుడతాయి. మాంసం ఖర్చు తగ్గించి ఆడవాళ్ళ నడుము విరగ్గొడితే అదేం లాభం? అందుకని మా సంఘంలో అనుకున్నాము, పితకడం వంట పని కాదు, టీవీ పని అని. గిన్నె తెచ్చి టీవీ ముందర అందరి నడుమ పెట్టేస్తాము. పిల్లోళ్ళయితే పప్పు ఎవరిది దూరం పోతుందో చూస్తారు. మా మామ మొదట గిన్నె జరిపేసినాడు. రెండో వారం ఊరికే ఒకటి, రెండు తీసుకున్నాడు. ఇప్పుడు ఆయనే, "ఇంకా పితకలేదేంది?" అంటాడు.

ఇంకో సంగతి. ఇదే కాయను బెంగళూరులో అవరెకాయ అంటారు, అక్కడ దానికోసం మేళానే జరుపుతారు. తొక్క తీసిన పప్పు అంగళ్ళలో అమ్ముతారు. మనకు బెంగళూరు ఎంత దూరం? ఓబీలు ఈ విషయం జీవనోపాధుల సమావేశంలో పెట్టాలని మా కోరిక.

కాలం కాని రోజుల్లో ఎండు అనపగింజలు, అలసందలు, ఉలవలు, పెద్ద శెనగలు ఇదే మసాలాలో నడుస్తాయి. ఉలవలు మాత్రం ముందే విడిగా ఉడికించుకోవాలి. చేపల పులుసు మీద మనసయితే అరటికాయను ఏటవాలుగా కోసి, కారం, ఉప్పు, బియ్యప్పిండి పట్టించి పెనం మీద కాల్చి, చింతపండు పులుసులో వేసి మర్నాటికి ఉంచండి. చేపలాగే పొద్దుటికే రుచి. లేత పనసకాయతో బిర్యానీ చేస్తారు, మేము ఒక్కసారే చేసినాము. చేతికి, కత్తికి నూనె రాసుకోకుండా కోసి రెండు రోజులు ఆ జిగురుతో బాధపడినాము. రుచి బ్రహ్మాండం, పని మాత్రం మాకు వద్దు.

రక్తం సంగతి. పప్పుల్లో ఇనుము ఉంటుంది కానీ మాంసంలోని ఇనుము పట్టినంత బాగా ఒంటికి పట్టదు. అందుకని ఈ కూరలు తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి, ఉసిరికాయ ఊరగాయ పెట్టుకోండి. అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దు, అది ఉన్న ఇనుమును కూడా పట్టనివ్వదు. ఇది మాకు కష్టమైంది, టీ లేకపోతే తల పని చేయదు. ఇప్పుడు గంట ఆగి తాగుతున్నాము. ఇంకొకటి, బి12 అనేది పప్పుల్లో, కూరగాయల్లో లేదు. అందుకని గుడ్డు మానొద్దు, పాలు, పెరుగు అన్నీ అమ్మేయొద్దు. రక్తం తక్కువున్నవాళ్ళు పితికిపప్పు తింటే చాలని ఇనుము మాత్రలు గూట్లో పెట్టేయకండి. మా ఆమె అట్లే పెట్టేసింది, పోయి తీయించినాము.

ఆమె సంగతి అడుగుతారు కదా. కోడికూర అంగడి చీటీ రెండు నెలల్లో తీర్చేసింది. నాలుగో నెల నుంచి కంతు కడుతోంది, పాతవి ఇంకా రెండు కంతులు ఉన్నాయి. పోయిన నెల రక్తం చూస్తే 10 దగ్గరికి వచ్చింది. వాళ్ళాయన నెలకు ఒక ఆదివారం కూర తెస్తాడు, డబ్బు చేతిలో ఉంటేనే తెస్తాడు. ఆ రోజు ఆమె తన గిన్నెలోకి మూడు ముక్కలు ముందే తీసి పక్కన పెట్టుకుంటుంది. అది మేము చెప్పింది కాదు, తనే మొదలుపెట్టింది. మొదటిసారి వాళ్ళ అత్త చూసి, "ఎవరికమ్మా అవి?" అనిందట. "నాకే అత్తా" అని చెప్పిందట.

ఏపీఎం గారు గడియారం చూస్తున్నారు. ఇంకొక్క మాట చెప్పి దిగుతాము. ఈ రోజు మధ్యాహ్నం భోజనంలో సంగటి, పితికిపప్పు, ఊరిబిండి ఉన్నాయి. నాలుగు ఊర్ల సంఘాలు నిన్న రాత్రి కూర్చొని పితికిన పప్పు అది. వంట చేసినవాళ్ళు మొదటి బంతిలోనే కూర్చుంటారు, వడ్డించే వంతు మిగతా సంఘాలది. గంటెలు వెనక బల్ల మీద ఉన్నాయి.