మరతుపాకియు ముక్కాలియు
(పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



ప్లీడరునకు మరతుపాకితో పనియేమని మీరడుగవచ్చును. నాకు తుపాకి కాల్చుట తెలియదు. కాగితము చదువుట తెలియును. ఆయుధముల పేర్లును ఒకవిధమగు కాగితములే. వానిని నమ్మి మోసపోయిన వారి కథ యొకటి చెప్పెదను.

జర్మనులు తమ మరతుపాకిని ఎం.జి. యని వ్యవహరించిరి. దాని ప్రక్కనుండు అంకె సంవత్సరము. ఎం.జి. 08 అనగా 1908 నాటిదని యర్థము. అది మాక్సిము కనిపెట్టిన యంత్రమే: నీటితో చల్లబడు గొట్టము, 250 తూటాల గుడ్డపట్టీ. దానిని నిలిపెడి ఇనుపపీఠము తుపాకికన్న బరువు. మడచి, రోగిని మోసినట్లు మోసెడివారు. 1915లో ఆ పీఠమును తీసివేసి, రెండుకాళ్ల ఊతయు, భుజమున కానించు కట్టెయు తగిల్చి ఎం.జి. 08/15 అనిరి. అది ఎంత సర్వసాధారణమయ్యెననగా, జర్మనుభాషలో 'సున్న-ఎనిమిది-పదిహేను' అన్నచో విశేషమేమియు లేని మామూలు సరకని యర్థము స్థిరపడినది!

1919 నాటి వెర్సేల్స్ సంధి జర్మనీకి 792 బరువు మరతుపాకులను, 1134 తేలిక మరతుపాకులను మాత్రమే యనుమతించెను. చక్కని షెడ్యూలే. కాని బరువును, తేలికయు తుపాకియందే యున్నవని దానిని వ్రాసినవారు తలచిరి.

మొదట అంకెతో ఆట జరిగెను. పాత తుపాకులను సవరించి 1930 ప్రాంతమున సైన్యమున ప్రవేశపెట్టిన దానికి ఎం.జి. 13 అని పేరు పెట్టిరి. చూచువారికి 1913 నాటి పాతసామానని తోచును. తనిఖీదారుల కన్నుగప్పుటకే యా అంకె యని పలువురు చరిత్రకారులు వ్రాసిరి. తేదీ వెనుకకు వేసిన దస్తావేజులను మన కోర్టులలో చూచినవారికి ఇది వింతగాదు.

అసలు చమత్కారము ఎం.జి. 34లో నున్నది. తుపాకి సుమారు 12 కిలోలు. రెండుకాళ్లపై నిలిపినచో దళముతోపాటు పరుగెత్తు తేలిక తుపాకి. దానినే సుమారు 20 కిలోల ముక్కాలిపై బిగించినచో బరువు తుపాకి! ఆ ముక్కాలి వట్టి పీట గాదు. అందలి స్ప్రింగులు ఎదురుతన్నును మ్రింగును. దూరదర్శినిగల గురికన్ను 2000 మీటర్లకు పైబడిన లక్ష్యమును చూపును. ఇంకొక మర ప్రతి తన్నుతోను గొట్టమును కొంచెము ఎత్తుచు, మరల దించుచు, తూటాలను ఒక మడిపొడవున చల్లును. ముందరికాలికి మెత్తలు గలవు, వీపున మోయు సిపాయికి ఒరయకుండుటకు. తుపాకి మారలేదు, గొట్టము మారలేదు. దీనిని షెడ్యూలులో ఏ గడియందు వ్రాయవలెను? సర్వేనంబరునకును హద్దులకును భేదము వచ్చినచో హద్దులనే నమ్ముట మన యలవాటు. ఇచ్చట హద్దు ముక్కాలియే. 1935 మార్చిలో హిట్లరు సంధిలోని సైనిక నిబంధనలను బాహాటముగ త్రోసిపుచ్చిన పిదప ఈ ప్రశ్న నడుగువారే లేకపోయిరి. తరువాత వచ్చిన ఎం.జి. 42కు వేరు ముక్కాలి చేసిరి. 34 ముక్కాలిపై అది కూర్చొనదు.

ఇది దూరదేశపు ముచ్చటయని తలపకుడు. తనను మోయునది పోగలిగినంత దూరమే మరతుపాకి పోగలదు. ఆ సంధి జరిగిన 1919లోనే, ఏప్రిల్ 13న, అమృతసరములో డయ్యరు మరతుపాకులు బిగించిన రెండు కవచపుమోటారులను వెంటదెచ్చెను. జలియన్‌వాలాబాగు సందు ఇరుకు. మోటారులు బయటనే నిలిచెను. లోపలికిబోయిన 50 మంది సిపాయిలు చేతితుపాకులతోనే 1650 తూటాలు కాల్చిరి. ప్రభుత్వపు లెక్కకే మృతులు 379 మంది. మోటారులు లోనికి పట్టియున్నచో మరతుపాకులు ప్రయోగించియుందువా యని హంటరు సంఘమువారడుగగా, బహుశః ప్రయోగించియుందుననియే డయ్యరు చెప్పెను.

ఆ వాఙ్మూలమును నేను పలుమారులు చదివితిని. సందు వెడల్పును గూర్చిన ప్రశ్న వచ్చినచోట నా వ్రేలు పంక్తిపై నిలిచిపోవును.