పది యిండ్ల లోగిలిలో పెంపుడు కుక్క

పూర్వము మన పల్లెలలో కుక్కను పెంచుటకు ప్రత్యేకమైన యోచన అక్కరలేకుండెను. పెరటిలో పడియుండెడిది, రాత్రి వాకిలి కాచెడిది, పెట్టిన మెతుకులు తినెడిది. ఇప్పుడు పట్టణములలో మనము ఒకరి నెత్తిమీద ఒకరము కాపురముండుచున్నాము. మా యింటి నేల క్రింది యింటివారికి కప్పు. మెట్లు, లిఫ్టు, డాబా, పిల్లలు ఆడుకొను జాగా అందరివి. ఇట్టిచోటికి ఒక కుక్కను తెచ్చుకొన్నచో ఆ భవనములోని వారందరును ఎంతో కొంత దాని భారము మోయుదురు. తెచ్చుటకు ముందు వారిని అడుగువారు మాత్రము లేరు.

ఈ సంగతి మేము తప్పు చేసి తెలిసికొన్నది. హైదరాబాదులో ఐదంతస్తుల భవనమున మూడవ అంతస్తులో మేము కాపురముండి, ఒక కుక్కను పెంచుచున్నాము. ఒకనాటి ఉదయమున లిఫ్టు తలుపు తెరచుకొనగానే అది మా చేతిలోని గొలుసును లాగికొని లోపలికి దూకెను. లోపల పై అంతస్తు మామ్మగారు పూలసజ్జతో గుడికి బయలుదేరియున్నారు. కుక్క కరవలేదు; తోక ఊపుచు మీదికి ఎగబడినది, అంతే. ఆమె వెనుకకు తొలగబోయి పడిరి. మణికట్టు ఎముక విరిగినది. "అది ఏమీ చేయదండీ" అంటిమి. కుక్కలను పెంచువారందరు అనుమాటయే అది. ఆమె నేలమీద కూర్చుండియే, "ఏమీ చేయదని నీకు తెలుసు నాయనా, నాకెట్లా తెలుస్తుంది?" అనిరి.

తరువాతి ఆదివారము నివాసుల సంఘము సమావేశమైనది. కుక్కలను పూర్తిగా నిషేధింపవలెనని కొందరు తీర్మానము తెచ్చిరి. ఆ విషయమున చట్టము మా పక్షముననే యున్నది. జంతువులయెడ క్రూరత్వమును నివారించు 1960 నాటి చట్టమునకు శ్రీమతి రుక్మిణీదేవి అరండేలు రాజ్యసభలో చేసిన కృషి మూలము. దాని ననుసరించి 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడినది. ఎక్కువమంది ఒప్పుకొన్నను నివాసుల సంఘములు పెంపుడు కుక్కలను నిషేధింపరాదని ఆ మండలి 2015లో సూచనలు వెలువరించినది. ఆ కాగితమును జేబులో పెట్టుకొని సభకు పోయితిమి. కాని ఎదుట మామ్మగారు చేతికి కట్టుతో కూర్చుండియుండగా దానిని పైకి తీయుటకు మనసొప్పలేదు. చట్టమునకు రెండవ ప్రక్కయు గలదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షను ప్రకారము, తన వద్దనున్న జంతువువలన ఇతరుల ప్రాణమునకు గాని, తీవ్రమైన గాయమునకు గాని ప్రమాదము రాకుండ తగిన జాగ్రత్త తీసికొనని వానికి ఆరు నెలలవరకు ఖైదు గాని, 5,000 రూపాయలవరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఆ సభలోనే ఇంకొక సంగతి బయటపడినది. "మా కుక్క మొరగదు" అని గట్టిగా చెప్పితిమి. అందరును నవ్విరి. మేము ఉద్యోగములకు పోయినది మొదలు సాయంకాలమువరకు అది బాల్కనీలో నిలిచి మొరుగుచునే యుండునట! రాత్రిపాళీ చేసి పగలు నిద్రించువారొకరు, నెలల బిడ్డ తల్లి యొకరు లేచి చెప్పిరి. యజమాని లేనప్పుడు మొరుగు కుక్క అరుపు యజమానికి తప్ప అందరికిని వినబడును. కొట్టినందువలన అది మానదు. ఒంటరితనపు అరుపు అది. నాటినుండి తెల్లవారకముందే దానిని ముప్పాతిక గంట నడిపించుచున్నాము. బాల్కనీ తలుపు మూసి లోపలి గదిలో ఉంచుచున్నాము. మొదట ఐదు నిమిషములు, పిదప పది, ఆపైన అరగంట బయటికి పోయి, అది ఊరకున్న సమయమున తిరిగివచ్చుట అలవాటు చేసితిమి. నెలన్నర పట్టినది. అసలు మే నెల మధ్యాహ్నమున కుక్కను బాల్కనీలో వదలుట దానికే ప్రాణాపాయము. మనవలె ఒడలంతయు చెమటపట్టి చల్లబడు ఏర్పాటు దానికి లేదు. నాలుక వ్రేలవేసి రొప్పుటయే దాని ఆధారము.

సభలో ఎవరును ఎత్తని విషయము వేరొకటి కలదు. కుక్క ఆవరణలో మలవిసర్జనము చేసినప్పుడు దానిని ఎత్తి పారవేయుచున్నది వాచ్‌మన్ భార్య. ఆమె జీతమునకు ఆ పని చేరలేదు. కాదని అనుటకు ఆమెకు ధైర్యమును లేదు. మా ముద్దుముచ్చటలకు ఖర్చు ఆమె చెల్లించుచుండెను. ఇప్పుడు పాత వార్తాపత్రిక, చిన్న తట్టయు మా చేతిలోనే యుండును. ఇది మర్యాదకు మాత్రమే కాదు. కుక్కల మలముతో నులిపురుగుల గ్రుడ్లు నేలలో చేరి, ఇసుకలో ఆడుకొను పిల్లల కడుపులలోనికి పోవచ్చును. కుక్కపిల్లలు పలుమార్లు తల్లి కడుపులోనుండియే ఆ పురుగులతో పుట్టును గనుక వైద్యుడు చెప్పిన తేదీలలో మందు పట్టింపవలెను.

రేబిస్ టీకా మాట అందరికిని తెలిసినదే. మూడు నెలల వయసున మొదటిది, పిదప ఏటేట. ఆ చీటీని ఇరుగుపొరుగువారికి చూపుటకు మనకు నామోషీ ఎందుకు? మేము మా చీటీని ప్రతి యేడును సంఘమువారికి ఇచ్చుచున్నాము. ఎవరినైన కరచినను, గోటితో గీరినను "పెంపుడు కుక్కయే కదా" అని ఊరకుండరాదు. గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో పదిహేను నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము, కారము పట్టించు అలవాటు నేటికిని కొన్ని యిండ్లలో కలదు, అది కూడదు. ఈ వ్యాధి లక్షణములు బయటపడిన పిదప రోగి బ్రతుకుట అత్యంత అరుదు.

నిషేధపు తీర్మానము ఆనాడు వీగిపోయినది. అందులకు మేము వాదించినది ఏమియు లేదు, మామ్మగారే వద్దనిరి. ఆమె వైద్యపు ఖర్చు మేము పెట్టుకొంటిమి. ఆమెకు కుక్కయన్న భయము పోలేదు. పోవలెనని మేము కోరుటయు లేదు. ఉదయము ఆరు గంటలకు ఆమె గుడికి పోవు వేళ. అప్పటికి మేము నడక ముగించి క్రింద గేటు ప్రక్కన నిలుచుందుము. కుక్క గొలుసు పొట్టిగా మడచి పట్టుకొందుము. ఆమె లిఫ్టు దిగి, గేటు దాటి, మలుపు తిరిగిన తరువాతనే లోపలికి కదలుదుము. కుక్క కూడ ఇప్పుడు ఆ వేళకు తానే కూర్చుండుచున్నది.