రక్తపరీక్ష చీటీ చదవడం నేర్చుకుందాం

పొదుపులు, కిస్తుల లెక్కలు ఇప్పటిదాకా విన్నం. మేము పశువుల రక్తపరీక్షల గురించి నాలుగు మాటలు చెప్తం.

మన కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో గాడిదల మీద బతికే కుటుంబాలు ఇంకా ఉన్నయి. మూటలు, ఇటుకలు మోయిస్తరు, గాడిద పాలు అమ్ముతరు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద తేలినవి సుమారు 1.20 లక్షల గాడిదలే. 2012 లెక్కతో చూస్తే 61 శాతం తగ్గినయి. ఒకటి పోతే ఆ ఇంటి కూలి పోయినట్టే.

గాడిద రక్తంలో చేరి రోగం తెచ్చే పరాన్నజీవులు ఉన్నయి. జోరీగలు కుట్టి అంటించే రోగం సర్రా. పిడుదులు, అంటే గోమార్లు అంటించేవి బెబీసియా, థైలేరియా. జ్వరం వచ్చి పోతది, పశువు బక్కచిక్కుతది, పొట్ట కింద నీరు దిగుతది. కానీ గాడిద ఓర్చుకునే జీవి. లోపల రోగమున్నా చాలాసార్లు పైకి బాగనే కనబడుతది. మాకు గాడిదలు లేవు కదా అనుకోవద్దు. సర్రా బర్రెలకు, ఆవులకు కూడా వస్తది.

పరీక్షలు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది గాజుపలక పరీక్ష. రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూస్తరు. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు సర్రా జీవిని ఇట్లనే కనిపెట్టిండు. ఖర్చు తక్కువ, ఫలితం తొందరగా వస్తది. జీవి కనబడితే రోగం ఉన్నట్టే. కనబడకపోతే మాత్రం లేదని కాదు. సర్రా జీవులు రక్తంలో ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఉంటయి.

రెండోది యాంటీబాడీ పరీక్ష. ఇది రోగంతో ఒళ్లు చేసిన పోరాటం గుర్తును పడుతది. దాగిన రోగం బయటపడుతది. అయితే రోగం నయమైనంక కూడా కొన్ని నెలలు ఆ గుర్తు ఉంటది. రోగం అంటిన కొత్తల్లో గుర్తు ఉండకపోవచ్చు.

మూడోది పీసీఆర్. పరాన్నజీవి డీఎన్ఏను వెతుకుతది. గాజుపలకకు దొరకని కొద్దిపాటి జీవులను కూడా పట్టుకుంటది. కానీ పెద్ద ల్యాబు కావాలె, ఖర్చు ఎక్కువ, రోజులు పడుతయి.

కాబట్టి చీటీ మీద "ఏమీ లేదు" అని వచ్చినా జ్వరం మళ్లీ వస్తుంటే ఊకోవద్దు. "ఇది ఏ పరీక్ష సారూ? మళ్లీ చేద్దామా?" అని డాక్టరును అడగాలె. జ్వరం ఉన్నప్పుడే, సూది వేయకముందే రక్తం తీయించాలె. ఒక పశువుకు రాసిన మందు ఇంకో దానికి సొంతంగా వేయొద్దు. బర్రెకు పడే మందు గాడిదకు పడకపోవచ్చు. పశువును నడిపించలేకపోతే 1962కు ఫోన్ చేయాలె.

ప్రతి సంఘం పుస్తకంలో పశువులకు ఒక పేజీ పెడదాం. ఏ పశువు, ఏ తేదీ, ఏ పరీక్ష, ఏమొచ్చింది అని రాసుకుందాం. అప్పు తీరకముందే పశువు పోతే కిస్తు మాత్రం ఆగదు. పైస పైస లెక్క రాసేటోళ్లం, ఇది రాయలేమా?